కాల్చి కుంగదీసిన స్ప్రింగులు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. ఆ ఆదివారం అక్కడ ఉన్నవి: చిన్న ఎర్ర కారు ఒకటి, జాకీలు రెండు, గ్యాస్ కటింగ్ సెట్టు ఒకటి, ఓడలో పనిచేసేవాడెవరో తెచ్చిన విదేశీ మోటారు పత్రిక ఒకటి. ఉన్నవారు: కారు నడిపే మా బావ, అంటే మా మేనమామ కొడుకు, షెడ్డు మేస్త్రీ, బావ స్నేహితులిద్దరు, నేను. ఆ స్నేహితులిద్దరికీ ఉన్నవి స్కూటర్లే కానీ, కార్ల గురించి వాళ్లకు తెలియనిది లేదు. మెకానికల్ డిప్లొమా ఉన్నది నా ఒక్కడికే. అభిప్రాయం అడగంది కూడా నన్నొక్కణ్ణే.

ఎనభైల మధ్య మాట. ఆ చిన్న కార్లు ఊళ్లోకి కొత్తగా వస్తున్నాయి. బావ అప్పటికే సైలెన్సరు మార్చాడు, కార్బురేటర్లో పెట్రోలు చిమ్మే జెట్లు మార్చాడు. కారు నిజంగానే పరిగెత్తేది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ పత్రికలో బొమ్మ చూసిన దగ్గర్నుంచి అతనికి తన కారు మేకపిల్లలా కాళ్ల మీద ఎత్తుగా కనబడసాగింది. తన కారు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పడతాయి. బొమ్మలో కారుకి ఒక వేలు కూడా పట్టదు. ఈ వేళ్ల లెక్కే అతని ఇంజనీరింగు.

నిజానికి కారు మామయ్యది. ఆయనకి ఫిషింగ్ హార్బర్లో రెండు మరపడవలున్నాయి. కొన్నేళ్ల కిందట పడవలో చేపలు దాచే గదిలోకి జారిపడి నడుముకి దెబ్బ తగిలించుకున్నాడు. చేపల వేలం ముగిశాక హార్బర్ నుంచి గాజువాక ఇంటికి బస్సులో నిలబడి రాలేకపోతున్నాడని, పడవకి కొత్త ఇంజన్ కొనాలన్న ఆలోచన పక్కనపెట్టి కారు కొన్నాడు. బతిమాలింది బావ. కొన్నరోజే మామయ్య అందరి ముందూ చెప్పాడు:

"నా నడుం ఊరుకున్నన్నాళ్లూ కారుంటాది. నొప్పెట్టిందంటే అమ్మేత్తాను. మళ్లీ నా దగ్గర ఏడవకు."

ఇది తెలిసిన మనిషే కారుని రెండున్నర అంగుళాలు కిందికి దించాలన్నాడు.

అడక్కపోయినా నా లెక్క నేను చెప్పాను. ఒక్క అంగుళం, అంతకు మించకూడదు. ముందు చక్రాల స్ప్రింగుల్లో అర చుట్టు రంపంతో కొయ్యాలి, మంట తగలకూడదు. స్ప్రింగు పూర్తిగా దిగినప్పుడు ఆపే రబ్బరు గుబ్బని ఆ మేరకి చెక్కాలి. షాక్ అబ్సార్బర్లు కొంచెం గట్టివి మద్రాసు నుంచి తెప్పించాలి. వెనక కమాను పట్టీల వంపు కొద్దిగా తగ్గిస్తే చాలు. అప్పుడు కారు కొంత దిగుతుంది, మలుపుల్లో నిలబడుతుంది, కూర్చున్నవాడి నడుమూ బతుకుతుంది.

"అంగుళమా? అంగుళం దించితే ఎవులికి కనబడతాది బావా?" అన్నాడు బావ. వరసకి నేనూ అతనికి బావనే.

"కనబడ్డానికేనా దించడం?"

"మరెందుకు?" అన్నాడు స్కూటరు మిత్రుల్లో ఒకడు, నిజంగానే తెలియక.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "కోత్తే గట్టిపడిపోతాది బాబూ. పెద్దాయన నడుం ఇరుగుతాది. కాల్సాలి. లారీ కమాన్లు నాను కాల్సి వంచట్లేదేటి? కాలితే కుంగుతాది, మెత్తబడతాది. కిందకీ వత్తాది, సుకంగానూ ఉంటాది. రెండు పన్లూ ఒక్క మంటతో అయిపోతాయి."

కాల్చినంత మాత్రాన స్ప్రింగు మెత్తబడదనీ, కుంగిపోతుందనీ, తిరిగి లేచే సత్తువ పోతుందనీ చెప్పాను. బావ మేస్త్రీ వైపు తిరిగి నవ్వాడు.

"సదువుకున్నోడు కదేటి, బయమెక్కువ."

కాల్చారు. కళ్లతో కొలిచి, నోటితో లెక్కేసి, ఎర్రబడేదాకా కాల్చారు. బిగించాక అందరూ వంతులవారీగా ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి నొక్కారు. మా ఊళ్లో సస్పెన్షన్‌కి ఉన్న పరీక్ష అదొక్కటే. కాల్చకముందు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా దిగింది. "సెప్పలేదేటి!" అన్నాడు మేస్త్రీ. చేతులతో నొక్కితే దిగేది అంగుళం. గుంటలో పడితే దిగాల్సింది మూడు. స్ప్రింగు కుంగి రబ్బరు గుబ్బకి ఆనబోతుంటే మిగతా రెండూ ఎక్కణ్ణించి వస్తాయని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న వేలం అయ్యాక హార్బర్ గేటు దగ్గర కారు పెట్టాం. "నువ్వూ రా బావా, నీ కళ్లతోనే సూద్దువుగాని," అని బావే నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఐసు పెట్టిన చేపల పెట్టె డిక్కీలోకెక్కింది. మామయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సక్రాలు లోపలికెలిపోయాయేట్రా? గాల్లేదా?"

"స్టైలు నాన్నా."

"స్టైలా!" ఆయన తలుపు పట్టుకుని, పళ్లు బిగించి, నూతిలోకి దిగినట్టు సీట్లోకి దిగాడు.

హార్బర్ నుంచి గాజువాక వైపు వెళ్లాలంటే పోర్టు రైలు పట్టాలు దాటాలి, ఖనిజం లారీలు తవ్విన గుంటలు దాటాలి. మొదటి పట్టాల దగ్గర కింద ధనామంది.

"ఏటది?"

"రాయి నాన్నా."

రెండో పట్టాల దగ్గర ఇంకా గట్టిగా. "ఇదీ రాయేనా?" బావ గేరు మార్చాడు. మూడో చోట మామయ్య డాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆపు," అన్నాడు.

ఆయన్ని బయటకి లాగడానికి ఇద్దరం పట్టాం. రోడ్డు పక్కన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, లారీల దుమ్ములో నిలబడ్డాడు.

"సముద్రంలో అలొత్తే ముందు కనబడతాది, కాళ్లొంచుకుంటాం. ఇదేట్రా, కూకున్నోణ్ణి కూకున్నట్టే తన్నతాంది!"

"రెండ్రోజులు తిరిగితే సెట్టవుతాది నాన్నా."

"దాన్ని కొనుక్కున్నోడి దగ్గర సెట్టవుతాది. అమ్మేత్తన్నాను." గాజువాక బస్సు వస్తుంటే చెయ్యెత్తాడు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "సేపలు మాత్రం కార్లోనే ఇంటికి తే. ఆటికి నడుం లేదు," అన్నాడు.

బావ వారం రోజులు బతిమాలాడు, వాళ్లమ్మ చేత చెప్పించాడు, అన్నం మానేశాడు. మామయ్య మెత్తబడలేదు. స్కూటరు మిత్రులు ఆ వారమంతా కనబడలేదు. మేస్త్రీని అడిగితే, "పని బాగానే ఉంది, రోడ్డే బాగోలేదు," అన్నాడు. రోడ్డు బాగుంటే స్ప్రింగులెందుకని నేను అడగలేదు. ఆ ప్రశ్న అర్థమయ్యే మనిషైతే మంట వెలిగించేవాడే కాదు.

స్టీలు ప్లాంటు కాంట్రాక్టరొకడు కారు కొంటానన్నాడు, పాత ఎత్తుకి తెచ్చి ఇస్తేనే. ఆ పని నాకే పడింది. ముందు చక్రాల స్ప్రింగులు రెండూ ఊడదీసి, తెప్పించిన కొత్తవాటి పక్కన గచ్చు మీద నిలబెట్టి, స్కేలు పెట్టి కొలిచాను. రెండున్నర అంగుళాలంటే అరవై మూడున్నర మిల్లీమీటర్లు. ఎడమది అరవై రెండు పొట్టి. కుడిది డెబ్బై ఒకటి.