మోటర్ ఆంటీ విన్న పాట

ఆ రోజుల్లో నాకు అర్థమయ్యే సంగీతమంటే చిన్నచూపు. మల్కాజ్‌గిరిలో ఉంటూ సికింద్రాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన వింత సంగీతానికి దాసోహమైపోయాను. ఒకాయన ఫ్రిజ్ తలుపుని కిర్రుమనిపిస్తాడు. ఒకావిడ అరగంటసేపు ఒకటే స్వరం పట్టుకుని వదలదు. నేను కళ్లు మూసుకుని తల ఊపుతుంటే అమ్మ నుదుటి మీద చెయ్యివేసి చూసేది (జ్వరం లేదని తేలాక ఇంకా కంగారుపడేది). నిజం చెప్పొద్దూ, అందులో సగం నాకూ అర్థమయ్యేది కాదు. కానీ అవి విన్నాక మా వంటింటి కుక్కరూ, లోకల్ రైలూ కొత్తగా వినిపించడం మొదలైంది. ఆ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలని ఒకటే ఆరాటం.

అందుకని నేనే ఒక పాట తయారుచేశాను. ఎండాకాలంలో బోరులో నీళ్లందక మా అపార్ట్‌మెంట్ మోటర్ మూలుగుతుంటే ఫోన్లో రికార్డు చేసి, కంప్యూటర్లో సాగదీసి, దానికి నా గొంతు కలిపాను. నాన్న సెక్రటరీగారిని బతిమాలి అపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో నాకు కాస్త సమయం ఇప్పించారు. అమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది. "జనం నవ్వారో, ఆ స్పీకరు అమ్మేస్తానే. ఇంక ఈ మోత మనింట్లో వద్దు." ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న స్పీకరది. అది పోతే నాకింకేం మిగలదు.

సెల్లార్‌లో పిల్లల డాన్సులయ్యాక నా వంతు వచ్చింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. మూలుగు మెల్లగా పెరిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంతలో మొదటి ఫ్లోర్ ఆంటీ (మోటర్ వేసేదీ, కట్టేసేదీ ఆవిడే కాబట్టి అందరికీ మోటర్ ఆంటీ) దిగ్గున లేచారు. "అయ్యో, నీళ్లు లేక ఉత్తగ తిరుగుతున్నది! కాలిపోతది!" అంటూ కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తి, మెయిన్ స్విచ్ కిందికి లాగేశారు. లైట్లూ, స్పీకరూ, నేనూ ఒక్కసారే ఆరిపోయాం.

చీకట్లో సెల్లారంతా ఒకటే నవ్వు. నా కళ్లలో నీళ్లు తిరిగితే చున్నీతో తుడుచుకున్నాను. లైట్లొచ్చాక ఆంటీ నా దగ్గరికొచ్చి అడిగారు.

"మోటర్ బందే ఉన్నది గదా! మరి ఆ చప్పుడేంది బిడ్డా? మన మోటరేనా?"

"అవునాంటీ. ఎండల్లో రికార్డు చేశా."

ఆవిడ నవ్వలేదు. "గట్ల చెప్పు! నా చెవులే ఖరాబైనయేమోనని పరేషానైన. ఎండల్ల గది గిట్లనే మొత్తుకుంటుండె. దాని గోస నీకు సుత వినవడ్డదా? మళ్ల పెట్టు, జెర మొత్తం వింట."

కుర్చీ లాక్కుని స్పీకర్ పక్కనే కూర్చున్నారు. ఇక ఎవరైనా కిసుక్కుమంటే ఒట్టు (పొద్దున నీళ్లు రావాలి కదా!). పాట అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. అయ్యాక అమ్మ స్పీకరు తనే పట్టుకుని మెట్లెక్కింది. "అలా లాగకే, వైరు తెగుతుంది" అని నన్నే కసిరింది.

తర్వాత పెద్దపెద్ద హాళ్లలో వాయించాను. సంగీతం తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని విన్నారు, పెద్దపెద్ద మాటలతో మెచ్చుకున్నారు. అందరికీ కృతజ్ఞురాలినే. కానీ నా పాట విని ఎవరికో ప్రాణం మీదికొచ్చిందన్నట్టు పరుగెత్తింది ఆవిడొక్కరే. ఆ రోజు చున్నీతో కళ్లు తుడుచుకున్న ఆ పిల్ల ఎదురైతే, ఎందుకే ఏడుస్తావు, అలా వినేవాళ్లు నీకు మళ్లీ దొరకరే అని చెప్పాలనిపిస్తుంది.