పుచ్చతొక్కలు, రోంత సున్నం

మా ఇంట్లో పుచ్చకాయ తినడం అయ్యాకే అసలు పని మొదలయ్యేది. ఎర్రది మా కడుపుల్లోకి, తొక్కలు నా భార్య వంటింట్లోకి. ఆమె పైనున్న పచ్చ పెచ్చు చెక్కేసి, తెల్లటి కండను చిన్న ముక్కలుగా తరిగి, చక్కెర పాకంలో ఉడికించి, నీడన ఆరబెట్టి సీసాకు ఎత్తేది. అవి డిసెంబరులో క్రిస్మస్ కేకులోకి. పిండి ఇంట్లో కలిపి, గిన్నెకు పేరు చీటీ అంటించి బేకరీ భట్టీకి పంపే మావాళ్ళ ఇళ్ళు సత్యనారాయణపేటలో చాలానే ఉన్నాయి. తొక్కల కేకు మాత్రం మా ఒక్క ఇంట్లోనే.

నాకది నామోషీ. మా సొంతూరు రూపనగుడిలో మా నాయన ఈ తొక్కలను కొట్టంలో ఎనుములకు వేసేవాడు.

"ఎనుములకు పెట్టేది మాకు పెడ్తాండావు" అని వెక్కిరిస్తే, "తినేటప్పుడు గుర్తు రాలేదే" అని నవ్వేది. నిజమే. కేకులో పెద్ద వాటా నాదే.

ప్రతి ఎండాకాలం ఇంకో నస. "వచ్చేటప్పుడు బీడా అంగట్లో రోంత సున్నం తెండి" అనేది. నేను సంఘ పెద్దను. ఆకూవక్కా, సిగరెట్లూ అమ్మే బీడా అంగడి ముందు కనబడితే చర్చిలో ఏమనుకుంటారు? అందుకే రైలు గేటు అవతల, మనల్ని ఎరగని అంగడికి పోయి, పొట్లాన్ని చేతిరుమాల్లో చుట్టి దొంగలా తెచ్చేవాణ్ణి. బెల్లంతో కలిపి మోకాళ్ళకు పట్టు వేసుకుంటుందనుకున్నాను. అడగలేదు. క్రిస్మస్‌కు ఆ అంగడాయనకు కేకు పొట్లం ఇచ్చి రమ్మంటే, దానికీ సణుగుతూనే వెళ్ళేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఆమెకు డయాలసిస్ నడుస్తోంది. అయినా ఒకరోజు తొక్కలను కవరులో కట్టి ఫ్రిజ్‌లో పెట్టింది, ఓపిక వచ్చాక చేద్దామని. మందులకు చోటు చాలడం లేదని వాటిని నేను చెత్తబండికి వేసేశాను. ఆమె ఫ్రిజ్ తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది.

"పోనీలెండి, ఇంకో కాయ తెచ్చుకుందాం" అంది.

తేలేదు. వానాకాలంలో ఆమె పోయింది. ఆ క్రిస్మస్‌కు మా కూతురు అంగట్లో కొన్న టూటీ ఫ్రూటీ వేసి కేకు చేసింది. బాగుందని అందరూ అన్నారు. నా వాటా నేను పక్కన పెట్టేశాను.

ఈ ఎండాకాలం ఆ ముక్కలు నేనే చేద్దామని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు కళ్ళముందు జరిగిన పనే కదా! ముక్కలు పాకంలో పడగానే మెత్తబడి గుజ్జయిపోయాయి. రెండో కాయా అంతే. గిన్నె మీద కోపమొచ్చింది, స్టవ్వు మీద కోపమొచ్చింది, చివరికి ఒక్క ముక్క కాగితం మీద రాసిపెట్టని ఆమె మీద కూడా వచ్చింది.

"అంగట్లో దొరుకుతాయి కద నాన్నా" అంది కూతురు. దాన్నీ కసిరాను.

నిన్న పింఛను పని మీద రైలు గేటు వైపు వెళ్తుంటే బీడా అంగడాయన కేకేశాడు.

"ఏం సార్, శానా దినాలాయ! పోయినేడు సున్నానికి రాలేదే? అమ్మ కల్లంగడి ముక్కలు చెయ్యలేదా ఏంది?"

"సున్నానికీ పుచ్చకాయ ముక్కలకూ ఏంది సంబంధం?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "మీకు తెల్దా సార్? సున్నపు తేటలో నానబెట్టల్ల కదా. లేకుంటే గుజ్జయిపోతాయి. మీకు జరమొచ్చినప్పుడు అమ్మే వచ్చిండె. దేనికమ్మా అని అడిగితే అంతా చెప్పింది."

ఆయన ఆమెను చూసింది ఒక్కసారే. అడిగాడు, చెప్పింది. ముప్పై ఎండాకాలాలు ఆ సున్నం మోసిన నేను ఒక్కసారి అడిగినవాణ్ణి కాదు.

ఆయన సున్నం పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "ఈసారన్నా కేకు పంపమను సార్. అమ్మ మర్చిపోయినట్టుండాది."

చెప్పాలి.

"పంపిస్తాదప్పా" అన్నాను.

పొట్లాన్ని రుమాల్లో చుట్టలేదు. దారిలో ఒక కాయ కొని, ఇంటికొచ్చి కోసి, తొక్కలు చెక్కి, ముక్కలను సున్నపు తేటలో వేశాను. ఎర్రదంతా పళ్ళెంలో అలాగే ఉండిపోయింది. డిసెంబరులో కేకు చేతికిచ్చేటప్పుడైనా ఆయనకు చెప్పాలి, ఆమె లేదని.