సిస్టరమ్మకు ఆలస్యంగా అందిన ఉత్తరం

పాస్‌వర్డ్ మారింది కాబట్టి మెయిల్ తెరవలేకపోతున్నానని మొన్న ఉదయం నా ఫోన్ చెప్పింది. నిమిషంలో సరిచేసుకునే పనే అయినా, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

రెండువేల పన్నెండు ప్రాంతంలో విజయనగరంలోని ఒక మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. అందరికీ కలిపి ఒకటే నెట్ లైను, అదీ నత్తనడక. అందుకని ఒక లినక్స్ కంప్యూటర్ పెట్టి, ఒక్కొక్కరి మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్, ఆసుపత్రి కంప్యూటర్లో వాళ్ళ ఉత్తరాల పెట్టె పేరు ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రామ్‌కి వరసగా రాసిచ్చాను. అది పావుగంటకోసారి ఉత్తరాలన్నీ తెచ్చి ఎవరి పెట్టెలో వారికి వేస్తుంటే, ఊరంతటికీ నేనే పోస్టుమాస్టరునన్నంత గర్వంగా ఉండేది.

వార్డులో పెద్ద నర్సుని సిస్టరమ్మ అనేవాళ్ళం. తల్లి పోయినప్పుడు తమ్ముడు రాలేదన్న కోపంతో ఆమె అతనితో తొమ్మిదేళ్ళుగా మాట్లాడలేదు. ఆ వేసవిలో కూతురు సెలవులకొచ్చి ఆమె పాస్‌వర్డ్ మార్చింది. అది నాకు చెప్పాలని వాళ్ళకి తెలియదు. పాత పాస్‌వర్డ్‌తో ఈమె మెయిల్ తెరుచుకోవడం లేదని ఆ లినక్స్ కంప్యూటర్ నా పెట్టెలో రాసి పడేస్తూనే ఉంది. అలాంటివి రోజూ వచ్చేవేనని నేను వాటిని చూడటం మానేసి చాన్నాళ్ళయింది.

పన్నెండు రోజులకి ఆమే నా గదికొచ్చి, "ఏటి బాబూ, నాకు ఉత్తరాలేవీ రావట్నేదు, ఓపాలి సూడు" అంది. కొత్త పాస్‌వర్డ్ రాయగానే వచ్చిపడ్డవాటిలో తమ్ముడి ఉత్తరముంది. గుండె ఆపరేషన్‌కి చెన్నై వెళ్తున్నాననీ, ఫోన్లో అక్క గొంతు వినే ధైర్యం లేక రాస్తున్నాననీ, రైలు విజయనగరంలో ఆగినప్పుడు ఒక్కసారి వచ్చి కనబడమనీ. ఆ రైలు వెళ్ళిపోయి అప్పటికే వారమైంది. ఆ సాయంత్రమే ఆమె చెన్నై బయల్దేరింది గానీ, చేరేసరికి ఆయనకి స్పృహ లేదు, మళ్ళీ రానూ లేదు.

ఆమె తిరిగొచ్చాక, లైను బాగోలేదమ్మా అని చెప్పాను.

"లైనుని ఏటంతాం బాబూ. రైలు తలుపుకాడే నిలబడి సూసాడట. నాను కావాలనే రానేదనుకునుంటాడు" అందామె.

ఇప్పుడు అందరి ఉత్తరాలూ నేరుగా వాళ్ళ చేతిలోకే వస్తున్నాయి, మధ్యలో నాలాంటివాడి అవసరం ఎవరికీ లేదు, అది మంచికేనేమో. నిరుడు గజపతినగరంలో ఒక పెళ్ళిలో ఆమె కనబడి, "మాకు ఉత్తరాలన్నీ తెచ్చిచ్చినోడు ఈ బాబే" అని మనవడికి నన్ను చూపించింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదని తెలిసీ, ఆ పిల్లవాడి తల నిమిరి, భోజనాల వైపు నడిచాను.