గుమ్మిలోంచి పలికిన ఎక్కం

నా చిన్నప్పుడు ఖాకీ బట్టల మనిషి ఊర్లకొస్తుండంటే చాలు, సగం ఊరు మాయమయ్యేది. అవి నిజాం రాజ్యం రోజులు. వచ్చినోడు సర్కారు లెవీ కింద వడ్లు గుంజుకపోను వచ్చిండో, సామాను మోయిస్తందుకు మనుషులను వెట్టికి పట్టుకపోను వచ్చిండో ఎవలకెరుక? ముందుగాల పిల్లలను దాచుడు, తర్వాత వడ్లు దాచుడు. సిద్దిపేట కోమటిచెరువు దాటినంక వచ్చే మా చిన్న ఊర్ల అది అందరికీ అలవాటే.

ఆ ఊర్లనే ఓ పెంకుటింటి అరుగు మీద మా బడి. సిద్దిపేట నుంచి రోజూ నడిచొచ్చే ముసలి సాయబు ఒక్కడే మాకు సారు. మౌల్సాబ్ అనేటోళ్లం. చదువు చెప్పేది ఉర్దూల, తిట్టేది మాత్రం తెలుగుల. ఆడపిల్లకు సదువెందుకని ఊరంతా అన్నా మా బాపు ఇనలే, నన్ను పంపిండు. నాకు ఆ బడంటే పానం.

ఒకనాడు మౌల్సాబ్ చెప్పిండు, రేపు తనిఖీ సాబ్ వస్తుండని. హాజరీ పట్టీల పేర్లున్న పిల్లలు కండ్లకు కనపడితేనే సర్కారు బడికి పైసలిస్తదట. లేకుంటే బడి ఎత్తేసి ఆయన్ను ఇంకో ఊరికి పంపుతరట. అందరం తలలు దువ్వుకొని వస్తమన్నం. ఆ ముచ్చట ఇండ్లల్ల చెప్పుడు మాత్రం మరిచినం. పిల్లలం గద!

తెల్లారి తనిఖీ సాబ్ బండి ఊరి మొదట్ల కనిపించింది. బండి ముందట ఖాకీ బట్టల బంట్రోతు. ఇంకేముంది, తలుపులన్నీ దబదబ మూసుకున్నయి. బడికి బయలెల్లిన నన్ను మా అవ్వ రెక్క పట్టి గుంజి, ఖాళీ వడ్ల గుమ్మిల కూసోపెట్టి పైన గోనెపట్ట కప్పింది. ఆయన బడి సాబ్ అని ఎంత మొత్తుకున్నా ఇనలే.

"సాబంటే సాబే. నోరు మెదిపితే సంపుత" అన్నది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. బడి పోతది, ఇగ నేను జీవితమంతా పేడకళ్లే ఎత్తాలె అనుకున్న.

అక్కడ అరుగు మీద ఒక్క పిల్లగాడు లేడట. పట్టీ నిండ దొంగ పేర్లు రాసినవని తనిఖీ సాబ్ కలం తీసిండట. మౌల్సాబ్ బతిమాలలేదు. "హుజూర్, జర నాతోని గల్లీల నడువున్రి" అన్నడట, అంతే.

గుమ్మిల ఉన్న నాకు ఆ గొంతు ఇనవడ్డది. రోజూ పొద్దుగాల ఉర్దూల అడిగే రెండో ఎక్కమే.

"దో ఏకమ్?"

అడుగుల సప్పుడు మా ఇంటి ముందటికొచ్చింది.

"దో దూనీ?"

వెంటనే చెప్పకుంటే చెవి మెలిపెట్టేటోడాయె, నా పెదవులు ఆగుతయా! నా గొణుగుడు ఇని అవ్వ గుమ్మిని కాలుతోని తన్నింది. తన్నితే తన్నిందని "చార్!" అని అరిసిన.

నా గొంతు ఇన్నడో ఏమో, "దో తియా?" అనంగనే పక్కింటి అటక మీదికెల్లి ఒకడు "ఛే!" అని ఆరు చెప్పిండు. బర్రెల కొట్టంలకెల్లి "ఆఠ్!" అని ఇంకొకడు. "దస్" అన్నప్పుడు గల్లీ గల్లీ పలికింది. తనిఖీ సాబ్ కడుపు పట్టుకొని నవ్విండట. గల్లీల నిలవడే పేర్లు పిలిచిండు, మేం ఒక్కొక్కలం బయటికొచ్చినం. నా తల నిండ వడ్లపొట్టు. బడి నిలిచింది. అవ్వ "ఓసి నీ సదువు పాడుగాను" అనుకుంటనే నా తల దులిపింది.

సాయంత్రం మౌల్సాబ్ నన్ను పిలిచి, "భయం అందరికుంటది బిడ్డా. ముందుగాల పలికేటోళ్ల కోసమే తక్కినోళ్లు చూస్తుంటరు" అన్నడు. ఆ రోజు నా చెవి మెలిపెట్టలేదు.

నాకిప్పుడు ఎనభై దాటినయి. ఊర్ల సభ పెట్టి ఆఫీసరు "ఎవరికన్నా అడిగేదుందా" అంటే, అందరు ఒకరి మొకం ఒకరు చూసుకుంటరు. మా కోడలు నా కొంగు గుంజుతది. గుంజితే గుంజనీ, నేను లేస్త, అడిగేది అడుగుత. నేను కూసునే లోపలనే వెనుక ఎవలో ఒకరు గొంతు సవరించుకుంట లేస్తరు.