మంగళవారం లైను

మా కాలనీ దవాఖానాలో థైరాయిడ్ పరీక్షకు రక్తం తీసేది మంగళవారం. ఆ రోజు లైనంతా ఆడవాళ్లే. నా భార్య ఏళ్ల తరబడి ఆ లైనులో నిలబడింది. నేను ఆమెను స్కూటర్ మీద దింపి, గేటు బయటే ఆగేవాణ్ని. లోపల పేర్లు గట్టిగా పిలుస్తుంటే వినపడేది.

పాల్వంచ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగం నాది. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేరు. లోపం ఆమెదేనని అందరూ తేల్చేశారు, నేనూ కాదనలేదు. భద్రాచలం దగ్గర ఆమె పుట్టింటివాళ్లు సైతం సీమంతాలకు ఆమెను పిలవడం మానేశారు. థైరాయిడ్ తక్కువగా ఉందని తెలిసి మాత్ర మొదలుపెట్టాక ఆమె కుదుటపడింది. ఇక ఆమె వైపు నుంచి అడ్డేమీ లేదన్నారు డాక్టర్లు.

అప్పటికే నా ఒళ్లు బరువెక్కింది. ఎండాకాలంలోనూ చలి. ఎంత పడుకున్నా తీరని నిద్ర. ఆమె మీదికి మనసు పోయేది కాదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆమె అంది:

"నాకప్పుడున్న బాధలే మీకూ ఉన్నయ్. మంగళారం మీరు గూడ రక్తం ఇయ్యండి."

అది ఆడోళ్ల రోగమని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ లైనులో నిలబడలేక, చెప్పాపెట్టకుండా ఖమ్మం వెళ్లాను. అక్కడి డాక్టరు పరీక్ష చేయించి, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందన్నాడు. మూడు వారాలకో సూది మొదలుపెట్టాడు. థైరాయిడ్ సంగతి ఆయన అడగలేదు. పిల్లలు కావాలన్న సంగతి నేను చెప్పలేదు, నోరు రాలేదు. మగతనం పెంచే సూది కదా, పిల్లల సంగతి అదే చూసుకుంటుందనుకున్నాను. నిజానికి ఆ సూది నేను వేయించుకున్నదే బిడ్డ కోసం.

మొదట్లో బాగానే ఉంది. "ఏంది బావా, కొత్త పెళ్లికొడుకు లెక్క తయారైనవ్" అని షిఫ్టులో ఆటపట్టించారు. నేనూ మురిసిపోయాను. కొన్నాళ్లకు పాత బరువే తిరిగొచ్చింది, ముఖం ఉబ్బింది. డాక్టరు మోతాదు పెంచాడు. కంట్రోల్ రూములో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఒకటుంది. బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతే ఊరికే నింపుకుంటూ పోవద్దు, ఎందుకు పడిపోయిందో ముందు చూడండి అని. నా ఒంటి విషయంలో మాత్రం మూడేళ్లు నింపుతూనే పోయాను.

చివరికి ఒకరోజు ప్లాంటు మెట్ల మీద కూలబడ్డాను. సూదుల సంగతి అప్పుడు గానీ ఆమెకు చెప్పలేదు. ఆమే నన్ను ఖమ్మంలో హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. థైరాయిడ్ నాకు ఆమెకన్నా అధ్వానంగా ఉందని తేలింది. వీర్యంలో ఒక్క కణం కూడా లేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. థైరాయిడ్ హార్మోను పడిపోతే మగ హార్మోను కూడా తగ్గొచ్చని, ముందే థైరాయిడ్ మాత్ర వేసుకుని ఉంటే అది దానంతటదే పెరిగేదేమోనని చెప్పింది. బయటి నుంచి సూది ఎక్కిస్తే లోపల వీర్యకణాలు తయారవడం ఆగిపోతుందట. ఆపి చూద్దాం, నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు, తిరిగి రాకపోవచ్చు కూడా అంది. తర్వాత నా భార్య వయసు అడిగింది. నలభై ఒకటని ఆమె నేల చూస్తూ చెప్పింది.

తిరుగు బస్సు కొత్తగూడెం దాటాక ఆమె నా వైపు తిరగకుండానే అంది:

"ఇన్నేండ్లు నన్ను గొడ్రాలన్నరు. మీ సంగతి నేను ఎవ్వరికి చెప్పను."

తిట్టినా బాగుండేది.

సూది ఆపి పద్నాలుగు నెలలైంది. మాత్ర వేసుకుంటున్నాను. చలి పోయింది, ఒళ్లు తేలికపడింది. మొన్నటి వీర్య పరీక్షలోనూ ఏమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక బిడ్డ మీద నాకు ఆశ లేదు.

ఇప్పుడు మంగళవారాలు నేనూ ఆమె వెనకే లైనులో నిలబడుతున్నాను. మొదటిసారి వెళ్లిన రోజు నా పేరు గట్టిగానే పిలిచారు. చెవులు కాలిపోయాయి, తల దించుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ముందున్న ఒక పెద్దావిడ, "రా బిడ్డా" అని పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

నేను భయపడిందల్లా ఇంతదానికే.