మల్లేశం కారు తాగిన డీజిల్

కరోనాకు ముందటి ఎండాకాలంలో నన్ను శామీర్‌పేట దగ్గరి ఒక మందుల కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరుగా వేశారు. పేరు పెద్దదే గాని పని ఇంతే: కంపెనీ కార్లు, వాటి డ్రైవర్లు, వాటి డీజిల్. అంతకుముందు చాలా ఏళ్ళు వర్క్‌షాపుల్లో ఫోర్‌మన్‌గా చేసినవాణ్ణి. బానెట్ ఎత్తి చూడందే ఎవరి మాటా నమ్మను. ఈ గుణం ఇంట్లో పనికిరాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

చేరిన కొత్తలోనే అడ్మిన్ మేనేజర్ పిలిచారు. మల్లేశం అనే డ్రైవర్ నడిపే కారు, అదే రకం తక్కిన కార్లకంటే ఎక్కువ డీజిల్ తాగుతోంది. ఎండలు ముదిరినకొద్దీ ఇంకా తాగుతోంది. పైపు వేసి తీసి అమ్ముకుంటున్నాడని ఆయన అనుమానం. నిజమని తేలితే నెలాఖరుకు మల్లేశం కొలువు ఊడుతుంది. తేల్చవలసింది నేను.

మల్లేశంది గౌడవెల్లి. పొద్దున్నే బైకు మీద వచ్చి, కారు తీసుకొని, దూలపల్లి కాలనీలో ఉండే శేషుకుమారి గారిని తెచ్చి సాయంత్రం దింపాలి. ఆవిడ క్వాలిటీ విభాగంలో పెద్ద ఆఫీసరు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఎండ తగిలితే తలనొప్పితో కళ్ళు తెరవలేరు. మల్లేశం ఆ కారును అద్దంలా ఉంచేవాడు. డ్యాష్‌బోర్డు మీద వేలు పెట్టి రాస్తే దుమ్ము అంటదు. అలాంటివాణ్ణి దొంగ అనడానికి నాకు మనసొప్పలేదు. కాని నా మనసుతో డీజిల్‌కేం పని?

పిలిచి అడిగాను. "సార్, నా బిడ్డ మీద ఒట్టు, సుక్క గూడ ముట్టలే" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సర్వీసులో ఒట్లు చాలా విన్నాను కనుక, బాబూ, బండి చూద్దాం పద అన్నాను. బెల్టు, ఫిల్టర్లు, టైర్లలో గాలి, అన్నీ చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కారు ఏసీ బ్యాటరీతో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. దాని కంప్రెసర్‌ను ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. లోపల చల్లబడగానే కంప్రెసర్ టక్కుమని విడిపోతుంది, వేడెక్కితే మళ్ళీ అందుకుంటుంది. దీన్ని మేం కటాఫ్ అంటాం. లైట్లు, పాటలు, ఫోను ఛార్జింగు బ్యాటరీ మీదే నడుస్తాయి, నిజమే. కాని ఆ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను తిప్పేదీ ఇంజనే. కారులో ఊరికే వచ్చేది ఏదీ లేదు. ఫోను ఛార్జింగు చీమ తిండి అయితే ఏసీది ఏనుగు తిండి.

మైలేజీ తేల్చడానికి ఫుల్ టు ఫుల్ పద్ధతి ఉంది. పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపి, కొన్నాళ్ళు నడిపి, అదే పంపులో మళ్ళీ నింపాలి. రెండోసారి పట్టిన డీజిలే ఆ తిరిగిన దూరానికి బండి తాగింది. అలా నింపించి, రోజూ మల్లేశం పక్క సీట్లో కూర్చున్నాను. వెనక శేషుకుమారి గారు పెదవి విప్పకుండా ముఖం గంటు పెట్టుకొని ఉండేవారు. మళ్ళీ నింపి చూస్తే మైలేజీ దివ్యంగా ఉంది. చిక్కు అక్కడే వచ్చింది. నేను ఎక్కితే మైలేజీ వస్తోంది, దిగితే పోతోంది. అంటే దొంగతనమేనని ఎవరైనా అంటారు. "ఇంకేం తేలాలండీ, రిపోర్టు రాయండి" అన్నారు మేనేజర్.

రాయడానికి కూర్చున్నాను. చెయ్యి రాలేదు. అంతలో శేషుకుమారి గారే నా గదికి వచ్చారు, రుసరుసలాడుతూ.

"మల్లేశాన్ని తీసేస్తారటగా? ముందు మీరు నా కారు దిగండి మహానుభావా! మీరెక్కినప్పటి నుంచి ఆ వట్టివేళ్ళ వాసన లేదు, నాకు చల్లగా ఉన్నట్టే లేదు."

వట్టివేళ్ళ వాసనేమిటండీ అని అడిగాను. "అదేనండీ, కారు ముందు తడిక కడతాడుగా" అన్నారావిడ.

మల్లేశాన్ని పిలిపించాను. తడిక మాట ఎత్తగానే వాడి ముఖం వాడిపోయింది. వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం ఆఫీసు పని మీద వెళ్తుంటే మేడ్చల్ ట్రాఫిక్‌లో ఆవిడ వెనక సీట్లో సొమ్మసిల్లి ఒరిగిపోయారట. వాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో పాత కూలర్‌కు కట్టే వట్టివేళ్ళ తడిక ఉంటే, కోసి, కారు ముందు జాలీకి కట్టి, నీళ్ళు చల్లాడు. చాలలేదనిపించి రెండు పొరలు చేశాడు. కంపెనీ కారు బయట నిమ్మకాయ కూడా వేలాడకూడదని మా దగ్గర గట్టి ఆర్డరు. అందుకని గేటు రాకముందే విప్పి డిక్కీలో పెట్టేవాడు. నేను ఎక్కిన రోజుల్లో అసలు కట్టనేలేదు.

"మరి డీజిల్ గురించి అడిగితే చెప్పవేమయ్యా?"

"గడ్డికి డీజిల్‌కి ఏం సంబంధం సార్? గది జెప్తే నౌకరి పోతదని బుగులైంది."

ఓరి నా తండ్రీ! కొలువు పోతుందని ఏది దాచాడో, అది దాచినందుకే కొలువు పోబోయింది. కూలర్‌కు తడిక అవసరమే. కారు జాలీ వెనక ఉండేది కండెన్సర్, అంటే ఏసీ లోపలి వేడిని బయటికి నెట్టే చోటు. దాని వెనక రేడియేటర్. తడిక తడిగా ఉన్న కాసేపు బాగానే అనిపిస్తుంది. ఎండిపోయాక గాలి ఆడదు. ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే. లోపల చల్లబడదు, కంప్రెసర్ ఆగదు, రేడియేటర్ ఫ్యాను గోల పెడుతూనే ఉంటుంది. చల్లదనం తగ్గిందని మల్లేశం ఇంకో పొర వేస్తాడు.

చెబితే మేనేజర్ నవ్వారు. నమ్మలేదు. దాంతో తడిక కట్టించి, మళ్ళీ ఫుల్ టు ఫుల్ పెట్టించి, ఈసారి ఆయననే ముందు సీట్లో కూర్చోబెట్టాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక్క కటాఫ్ చప్పుడు వినపడలేదు. ఆయన చొక్కా తడిసింది. మళ్ళీ నింపి చూస్తే, పోయిందన్న డీజిల్ లెక్క అంతా అక్కడే తేలింది. మల్లేశాన్ని నోటిమాటగా మందలించి వదిలేశారు.

కొలువు నిలిచిందని చెప్పాను. వాడు దండం పెట్టి, వెంటనే అడిగిన మాట ఇది: "మరి మేడంకు సల్లగ ఎట్ల సార్?"

నాకు వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం కసిరాను. తర్వాత దగ్గరుండి కండెన్సర్ కడిగించి, నేర్పించాను. బండి నీడకు పెట్టు, మేడం ఎక్కేముందు నాలుగు తలుపులూ తీసి వేడి గాలి పోనీ, ఆ తర్వాత లోపలి గాలే తిరిగేట్టు మీట నొక్కి ఏసీ వెయ్యి అన్నాను. వాసన కోసం గాలి వచ్చే చోట చిన్న వట్టివేళ్ళ కట్ట పెట్టించాను. ఆర్డరు కారు బయటికే గదా! ఆ వారమే ఆవిడ వెనక సీట్లో హాయిగా నిద్రపోయారని మల్లేశం వచ్చి గుసగుసగా చెప్పాడు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఆఫీసరు పక్కన కూర్చుంటే డ్రైవరు మారతాడు, కారూ మారుతుంది. అలా కొలిచిన లెక్క తప్పు లేకుండా వస్తుంది, మనిషి కొలువు తీస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బండిని పరీక్షించినా, వెనక సీట్లో రోజూ కూర్చునేవాళ్ళను అడిగాకే ట్యాంకు మూత తీయించాను.