పెద్దమ్మ పెట్టె బీగం

కువైట్‌లోని ఎగైలా మాల్‌లో సామాన్ల షాపుకు పోతే నాకొక పాడు అలవాటు. బల్బు కోసమని పోయి, తాళాలు వేలాడదీసిన వరస దగ్గర నిలబడిపోతాను. ఒకటి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నాక వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇత్తడీ మిషన్ నూనే కలిసిన ఆ పచ్చివాసన తగిలిందంటే చాలు, ముప్పై నాలుగేళ్ళ మనిషిని కాస్తా పదకొండేళ్ళ పిల్లనైపోయి రిగ్గైలో మా మూడో అంతస్తు ఇంట్లో చాప మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటాను.

ఎండాకాలం సెలవులంటే మాకు ఇల్లే లోకం. బయట ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, దానికి తోడు దుమ్ము లేచిందంటే మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం పసుపు కలిపిన మజ్జిగలా అయిపోయేది, అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు దోపేది, ఏసీ రోజంతా గురక పెట్టేది. శుక్రవారం మాత్రం రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. నాయన నమాజు వేళకు ముందే బేకరీకి పోయి పొగలు కక్కే కుబ్బూసు రొట్టెలు తెచ్చేవాడు, నేను సంగటి వదిలేసి కుబ్బూసును ఊరిబిండిలో అద్దుకుని తినేదాన్ని, అమ్మ తిట్టేది. ఆ రుచి ఇంకెక్కడా దొరకదు, మా ఊరు రాజంపేటలోనూ దొరకదు.

నాయన షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేసేవాడు. అక్కడొక పద్ధతి ఉండేది. మోటారులో చెయ్యి పెట్టే ముందు మనిషి తన సొంత తాళం తెచ్చి స్విచ్చుకు వేసి, బీగంచెవి జేబులో పెట్టుకోవాలి. ఆ తాళం అక్కడ ఉన్నంతసేపూ, పెద్ద ఇంజనీరు వచ్చినా స్విచ్చు వెయ్యడానికి లేదు. అయితే మనవాళ్ళకు ఊరికి పోయే సెలవు వచ్చిందంటే ఒళ్ళు తెలుస్తుందా? తాళం స్విచ్చుకే వదిలేసి, బీగంచెవి ప్యాంటు జేబులో వేసుకుని విమానం ఎక్కేసేవాళ్ళు. అది కడపలో ఇంటికి పోయి బట్టలు ఉతికేటప్పుడు బయటపడేది. ఇక్కడ ఫోన్ల మీద ఫోన్లు చేసి, మనిషి క్షేమంగా ఊళ్ళో ఉన్నాడని రూఢి చేసుకున్నాక, తాళం పైనుండే వంపు కొమ్ము కోసి పారేసేవాళ్ళు. అలా కొమ్ము తెగిన తాళాలన్నీ మా ఇంటికి చేరేవి. కొమ్ము తెగినా లోపలి ప్రాణం పోదు కదా!

కారు వైపర్ పాతదైతే దాని రబ్బరు లోపల సన్నటి ఉక్కుపట్టీలు రెండు ఉంటాయి. నాయన వాటిని అరగదీసి, ఒకదాన్ని చివర వంచి, ఇంకోదానికి చిన్న ముక్కు తీర్చి నా చేతిలో పెట్టాడు. వంచినదాన్ని తాళంలో దూర్చి మెల్లగా తిప్పుతున్నట్టు పట్టుకోవాలి, రెండోదానితో లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటే పైకి నెట్టాలి. నెట్టగా నెట్టగా ఒకటి టిక్కుమంటుంది. ఆ టిక్కు చెవికి కాదు, వేలికి వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళంతా జల్లుమంది. కంటికి కనపడని చోట, ఇనుము లోపల, ఎవరో బుల్లి మనుషులు ఐదుగురు కూర్చుని నేను తలుపు కొడితే పలుకుతున్నారని అనుకున్నాను. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు పెట్టి దీన్ని హాబీ అంటున్నారు. మాకు అప్పుడు పేరు కూడా తెలియదు, అదొక పిచ్చి, అంతే.

అన్నిటికంటే గొప్పవి సెక్యూరిటీ పిన్నులు. నాయన ఒక తాళం విప్పి అరచేతిలో పోసి చూపించాడు. మామూలు పిన్ను తిన్నగా ఉంటుంది, ఇది డమరుకంలా నడుము సన్నగా ఉంది, బియ్యపుగింజంత కూడా లేదు. దీని పనల్లా మోసం చెయ్యడమే. తాళం కాస్త తిరుగుతుంది, వచ్చేసిందని మనం సంబరపడిపోతాం, అక్కడే బిగుసుకుపోతుంది. ఇంకా బలం పెడితే ఖలాస్, ఛస్తే రాదు. అప్పుడు చెయ్యి వదులు చెయ్యాలి, తిరిగినదాన్ని కొంచెం వెనక్కి పోనియ్యాలి. "గెల్చినంత మళ్ళా ఇచ్చేయాల పాపా, అప్పుడు గానీ రాదు," అనేవాడు నాయన. ఎవడు చేసుంటాడో ఇంత చిన్న గింజకు ఇంత బుద్ధి! నాకు రెండు నెలలైనా ఆ ఇచ్చెయ్యడం చేతకాలేదు.

దీనికి నాయన పెట్టిన షరతు ఒకటే. "ఊరికే పడుండే బీగం ఎంతసేపైనా గెలుక్కో. ఏలాడతా ఉండే బీగాన్ని ముట్టుకోవాకు. దాని ఎనక మనిషి చెయ్యి ఉంటాది."

మా ఇంట్లో వేలాడే బీగం ఒక్కటే, పెద్దమ్మది. అమ్మకు అక్క, రత్నమ్మ పెద్దమ్మ, ఎగైలాలో ఒక ఇంట్లో పనిచేసేది, ఆ ఇంటి యజమానురాలిని మామా అనేది. రెండు వారాలకొక శుక్రవారం వచ్చేది. ఆమె ఇనప ట్రంకుపెట్టె మా మంచం కింద ఉండేది. అన్నం తిన్నాక గదిలోకి పోయి, మాకు వీపు పెట్టి, పెట్టె తెరుచుకుని పది నిమిషాలు కూర్చుని మళ్ళీ బీగం వేసేది. "పెట్టె నిండితే ఊరికి పోతా," అనేది. పదకొండేళ్ళుగా నింపుతోంది, సెంట్లు, సబ్బులు, దుప్పట్లు, లోపల ఎంత ఉందోనని అమ్మ మా మేడలో ఉన్న ఆడవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. కొత్తగా ఆమె కొన్న బీగాన్ని చూసి నాయనే, "అబ్బా, దీంట్లో అన్నీ నడుం పిన్నులే, ఇది నాకే లొంగదు," అన్నాడు. అంతే, నాకు నిద్ర పట్టలేదు.

ఒక మంగళవారం, అమ్మ వంటింట్లో ఉండగా మంచం కింద దూరాను. గంటసేపు పట్టింది. తాళం తిరిగి బిగుసుకుంది. ఎందుకో ఆ రోజు కోపం రాలేదు, చెయ్యి తనంతట తనే వదులైంది, తాళం బుద్ధిగా వెనక్కి జరిగింది, లోపల ఒకటి, ఇంకొకటి, టిక్కు, టిక్కు, కొమ్ము ఎగిరి నా బొటనవేలికి తగిలింది. దేవుడా! నాయనకు రానిది నాకొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మూత ఎత్తాను.

పెట్టె ఖాళీ. అడుగున పరిచిన పాత పేపరు తప్ప ఏమీ లేదు. నాకు భయం వేసింది, దొంగలు పడ్డారేమో అనుకున్నాను, తర్వాత పేపరు మీద మడతైనా పడలేదని చూశాను. అందులో ఏనాడూ ఏదీ లేదు. మూత వేసి, కొమ్ము నొక్కి, వంటింటి దాకా పోయి నీళ్ళు తాగాను. సాయంత్రం నాయన వచ్చి, "ఏం పాపా, నడుం పిన్ను వచ్చెనా?" అన్నాడు. నా జీవితంలో అంత గొప్ప పని చేసిన రోజు, నోరు తెరిస్తే పెద్దమ్మ పరువు పోతుంది. "రాలేదు నాయనా," అన్నాను.

ఆ శుక్రవారం పెద్దమ్మ బీగం పట్టుకుని చాలాసేపు చూసింది. చెవి దూరే నోరు గోడవైపు ఉండేట్టు వేసేదట ఎప్పుడూ. నేను ఇటువైపు వేశాను. నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"నువ్వేనా?"

"ఊ."

"మీయమ్మకు చెప్పినావా?"

"లేదు."

"మీ నాయనకు?"

"లేదు పెద్దమ్మా." నేను ఏడుపు మొదలుపెట్టాను.

ఆమె తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మూత ఎత్తింది. "ఊరికి పోయే ప్రతి ఒక్కరి చేతా ఏదో ఒగటి పంపిస్తానే ఉంటి. ఇంట్లో అడగతానే ఉంటారు గదా. ఇంగ దీంట్లో ఏముంటాది?"

"మరి ప్రతిసారీ ఎందుకు తెరుస్తావు?"

"మామా ఇంట్లో నా గదికి గడియ లేదు పాపా. ఎవురైనా వస్తారు, ఎప్పుడైనా వస్తారు. నేను ఏసి నేనే తీసేది ఈ కువైట్‌లో ఇదొక్కటే."

ఖాళీ పెట్టె ముందర ఇద్దరం కూర్చున్నాం. నాయన చెప్పిన చెయ్యి నాకు అప్పుడు కనపడింది. బొబ్బలెక్కి, క్లోరిన్‌కు పాలిపోయిన ఆ చెయ్యి నా తల మీదే ఉంది.

ఇంకో రెండేళ్ళకు పెద్దమ్మ ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు రద్దు చేసుకుని ఊరికి బయల్దేరింది. మేడలో వాళ్ళు పొట్లాలు తెచ్చి, ఊళ్ళో తమవాళ్ళకు ఇవ్వమని అడిగితే, అమ్మే అడ్డం పడి, "అక్క పెట్టె నిండిపోయుండాది, యాడ పెడ్తాది పాపం," అని వెనక్కి పంపేసింది. లిఫ్టు చెడిపోయింది. నాయన పెట్టె ఎత్తబోతే నా పైప్రాణాలు పైనే పోయాయి. "నేను పడతా నాయనా, నీకు నడుం నొప్పి గదా," అని ఒక పిడి పట్టుకున్నాను. రెండోది పెద్దమ్మ పట్టుకుంది. మూడు అంతస్తులు, మెట్టు మెట్టుకూ ఆయాసపడుతూ, "అబ్బా, నిదానం పాపా," "ఆగు పెద్దమ్మా," అనుకుంటూ, గాలిని మోసుకుని దిగాం. కింద టాక్సీలో పెట్టాక ఆమె నిజంగానే చెమట తుడుచుకుంది. ఊళ్ళో బస్సు దిగినప్పుడు ఆ రెండో పిడి ఎవరు పట్టుకున్నారో నాకు ఈ రోజుకూ తెలియదు, అడిగే ధైర్యం రాకముందే ఆమె పోయింది.

మేమున్న మేడను పడగొట్టేశారు. స్విచ్చుల దగ్గర ఇప్పుడు కార్డులు వచ్చాయట. ట్రంకుపెట్టెలు మోసుకుని విమానం ఎక్కేవాళ్ళు కనపడరు, నా ఇంటి తలుపుకు కూడా బీగంచెవి లేదు, వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. నాయనకు వేళ్ళు వణుకుతున్నాయి, పిన్ను పట్టుకోలేడు. మొన్న ఫోన్‌లో నవ్వుతూ, "అన్నీ నేర్చినావు గానీ పాపా, ఆ నడుం పిన్ను మాత్రం నీకు రాకనే పాయె," అన్నాడు.

"అవును నాయనా," అన్నాను. "రాలేదు."